కేసముద్రానికి సైకిల్ నేర్పనక్కర్లేదు

జూన్ 3 వచ్చిందంటే నాకు ఒళ్లు మండుతుంది. ప్రపంచ సైకిల్ దినమని 2018లో ఐక్యరాజ్యసమితి తీర్మానించింది మొదలు ఏటా ఇదే తంతు. టీషర్టులు పంచుతారు, బ్యానర్ కడతారు, ముఖ్య అతిథి పచ్చజెండా ఊపి, పది గజాలు తొక్కి, ఫొటో దిగి కారెక్కుతాడు. ఈ ఏడు మా వైపు జరిగిన అలాంటి సభలో ఒక పెద్దమనిషి మైకు పట్టుకుని, "మన ప్రాంతంలో సైక్లింగ్ కల్చర్ ఇప్పుడిప్పుడే మొదలైతున్నది, హైదరాబాదోళ్లను చూసి మనం నేర్చుకోవాలె" అన్నాడు. ముందు వరుస చప్పట్లు కొట్టింది. ఒక్కరూ లేచి, అయ్యా నువ్వు చెప్పేది తప్పు అనలేదు. అందుకే ఇది రాయాల్సి వచ్చింది.

ఆ మాట అబద్ధం. తెలియక అన్నది కూడా కాదు, చూడదలచుకోక అన్నది. ఆయన ఉపన్యసిస్తున్న సమయానికి కేసముద్రం రోడ్ల మీద సైకిళ్లు తిరుగుతూనే ఉన్నాయి. మహబూబాబాద్ జిల్లా కేసముద్రమంటే మాకు రెండూళ్లు. రైలు పట్టాల దగ్గరిది స్టేషన్, పాత ఊరు విలేజ్. ఇప్పుడు మున్సిపాలిటీ అయినా జనం నోట ఆ రెండు పేర్లూ పోలేదు. స్టేషన్‌కూ విలేజ్‌కూ నడుమ, ఉప్పరపల్లి, కల్వల, ధన్నసరి, కోరుకొండపల్లి దారుల్లో, పొద్దు పొడవకముందే సైకిల్ కదులుతుంది. మార్కెట్ యార్డుకు పోయే హమాలీ, పాల క్యాన్లు కట్టుకున్న మనిషి, తాపీ సామాను సంచిలో వేసుకున్న మేస్త్రీ, ట్యూషన్‌కు పోయే పిల్ల. వీళ్లెవరికీ టీషర్టులు ఇవ్వలేదు. ఫొటోలోకి పిలవలేదు. సైక్లింగ్ కమ్యూనిటీ అని వార్తల్లో రాసినప్పుడు ఆ లెక్కలో వీళ్లు లేరు.

యార్డు గోడకు ఆనించిన ఒక హమాలీ సైకిల్‌ను దగ్గరకు వెళ్లి చూడండి. నల్లరంగు ఎప్పుడో పోయి ఇనుము కనిపిస్తుంటుంది. సీటు రెగ్జిన్ చిరిగితే ప్లాస్టిక్ సంచి చుట్టి సుతిలితో బిగించి ఉంటుంది. హ్యాండిల్‌కు ఒకవైపు సద్దిగిన్నె, ఇంకోవైపు నీళ్ల సీసా. క్యారియర్ స్ప్రింగు కింద బస్తాలెత్తే కొక్కెం, మడత పెట్టిన గోనెసంచి. వెనక బ్రేకు కట్టెలు అరిగిపోయి ఉంటాయి, దిగుడులో చెప్పు నేలకు రాసి ఆపుతాడు. చైను మాత్రం నూనెతో మెరుస్తుంటుంది, ఎందుకంటే అది తెగితే ఆ రోజు కూలి పోయినట్టే. బరువు ఇరవై కిలోలు, గేర్లుండవు. మిర్చి సీజన్‌లో పొద్దంతా బస్తాలు మోసిన మనిషి చీకటి పడ్డాక దాని మీదే ఎదురుగాలిలో ఇంటికి పోతాడు. బండి ఎందుకు తీసుకోలేదని ఒకాయన్ని అడిగితే, "కొంటే కొన్న సారూ, రోజూ పెట్రోల్ ఎవలు పోస్తరు?" అన్నాడు. లీటరు వంద దాటి ఎన్నేళ్లయింది! ఆయనకు నేర్పడానికి హైదరాబాద్ నుంచి ఎవరు రావాలి?

2011 జనగణన ప్రకారం దేశంలో 44.8 శాతం ఇళ్లలో సైకిల్ ఉంది. దాదాపు సగం దేశం. ఆ సగానికి సంస్కృతి లేదట, అయిదు వేల రూపాయల హెల్మెట్ పెట్టుకున్నవాడు రోడ్డెక్కిన రోజున సంస్కృతి పుట్టిందట!

నాకు బాగా తెలుసు, ఇది సైకిల్ గురించిన మాట కాదు, మనుషుల గురించిన మాట. అవసరానికి తొక్కితే పేదరికం, ఆరోగ్యానికి తొక్కితే కల్చర్. ఒకే రోడ్డు, అవే రెండు చక్రాలు, తొక్కేవాడి జేబును బట్టి పేరు మారుతుంది. పెళ్లిచూపుల్లో పిల్లగానికి సైకిలే ఉందంటే మొహం తిప్పుకునేదీ మనమే, లక్ష రూపాయల సైకిల్ కొన్న డాక్టర్‌కు శాలువా కప్పేదీ మనమే. ఈ చిన్నచూపుకు జవాబు మన నేల మీదే ఉంది. పుచ్చలపల్లి సుందరయ్య పార్లమెంటుకు సైకిల్ మీద వెళ్లారు. మహబూబాబాద్ దాటితే వచ్చే ఇల్లందు నుంచి అయిదుసార్లు ఎమ్మెల్యేగా గెలిచిన గుమ్మడి నర్సయ్యను ఆ ప్రాంతమంతా సైకిల్‌తోనే గుర్తుపడుతుంది. వాళ్లిద్దరూ బరువు తగ్గడానికి తొక్కలేదు. జనం ఎలా తిరుగుతారో అలాగే తిరగాలని తొక్కారు. వేదిక మీది పెద్దమనిషికి పేరు కావాలంటే ఇన్ని పేర్లుండగా, గచ్చిబౌలి దాకా ఎందుకు పోవాలి?

హైదరాబాద్‌ను చూసి నేర్చుకోవాలంటే ఏం నేర్చుకోవాలో అదీ చూద్దాం. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్‌ను 2023 అక్టోబర్ 1న ప్రారంభించారు. నానక్‌రాంగూడ నుంచి పోలీస్ అకాడమీ దాకా ఒకటి, నార్సింగి నుంచి కొల్లూరు దాకా ఇంకొకటి. పైన సోలార్ పలకలు, వాటితో 16 మెగావాట్ల కరెంటు. బాగుంది, కాదనను. కానీ అక్కడికి సైకిల్‌ను కారులో వేసుకుని వచ్చి, దింపి, తొక్కి, మళ్లీ కారులో వేసుకుని పోయేవాళ్లను నేను కళ్లారా చూశాను. అదే రోడ్డు మీద అపార్ట్‌మెంట్లకు కాపలాకు పోయే మనిషి లారీల మధ్యే తొక్కుతున్నాడు, ఎందుకంటే ఆ ట్రాక్ ఆయన పోవాల్సిన చోటికి పోదు. మాకు కావలసింది విహారం కాదు, దారి.

దూరాలు తొక్కేవాళ్ల మీద నాకు కోపం లేదు. ఫ్రాన్స్‌లోని ఆడాక్స్ క్లబ్ నియమాల ప్రకారం 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో పూర్తి చేయాలి, దారిలో పంచర్ పడ్డా, ఆకలేసినా ఎవరి సాయమూ ఉండదు. 1891లో మొదలైన పారిస్-బ్రెస్ట్-పారిస్ అయితే 1200 కిలోమీటర్లు, తొంభై గంటలు. ఆ ఓర్పుకు దండం పెడతాను. ఒక కాలు కోల్పోయి, 2013 ఆసియా పారా సైక్లింగ్‌లో రెండు రజతాలు తెచ్చిన ఆదిత్య మెహతా మన హైదరాబాద్ మనిషే, ఆయనకూ దండం. కానీ వాళ్ల కష్టాన్ని అడ్డం పెట్టుకుని, రోజూ తొక్కేవాడిని లెక్కలోంచి తీసేయడం అన్యాయం.

"నేర్చుకోవాలి" అనే మాట దగ్గర ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. కేసముద్రం పక్కనే ఇనుగుర్తి ఉంది. 1922లో, నిజాం రాజ్యంలో తెలుగు చదువే గగనమైన కాలంలో, ఒద్దిరాజు సోదరులు ఆ పల్లెలో అచ్చు యంత్రం పెట్టి "తెనుగు" పత్రిక నడిపారు. ఎవరినీ చూసి నేర్చుకోలేదు. అలాంటి నేల మీద నిలబడి, ఈ ప్రాంతానికి ఏదైనా సరే పట్నం నుంచే రావాలన్నట్టు మాట్లాడితే కడుపు మండదా? సైకిల్ గురించి మొదలుపెట్టి పత్రిక గురించి ఎందుకంటే, రోగం ఒకటే కాబట్టి. ఊళ్లో ఉన్నది కనపడదు, పట్నంలో ఉంటేనే కనపడుతుంది.

ఇక అసలు సంగతి. మా దగ్గర సైకిల్ తగ్గిందన్నది నిజమే. అయితే అది జనం మరిచిపోతే తగ్గలేదు. రోడ్డు తోసేస్తే తగ్గింది. మాటల్లో ఎక్కడా వినపడని ఈ ముక్కను కాస్త వివరంగా చెబుతాను.

రోడ్డు పాడైతే తారు మీద తారు పోస్తారు. ప్రతిసారీ రోడ్డు పైకి లేస్తుంది. పక్కన మొరం పోసి సమం చేయాలి, చేయరు. చేసినా ఒక వానకు కొట్టుకుపోతుంది. దాంతో తారు అంచుకూ పక్క మట్టికీ మధ్య జానెడు లోతు దిగుడు మిగులుతుంది. వెనక లారీ హారన్ కొట్టగానే సైకిల్ మనిషి కిందికి దిగాలి. దిగడం కష్టం కాదు, ఎక్కడమే ప్రాణం మీదికొస్తుంది. ముందు చక్రం తారు అంచుకు ఏటవాలుగా తగులుతుంది, ఎక్కదు, అంచు వెంబడే జారుతుంది. హ్యాండిల్ చేతిలోంచి తిరిగిపోతుంది, మనిషి రోడ్డు వైపే పడతాడు. అటు వైపే లారీ ఉంటుంది. బైకు చక్రం వెడల్పు, ఇంజన్ బలం ఉంది, ఎక్కేస్తుంది. సన్నటి సైకిల్ టైరుకు ఆ బలం లేదు. దేశంలో ఏటా నాలుగు వేలకు పైగా సైకిల్ మనుషులు రోడ్డు మీద చనిపోతున్నారని కేంద్రం లెక్కలే చెబుతున్నాయి. అందులో ఈ జానెడు అంచు ఎందరిని తీసుకుందో ఏ కాగితంలోనూ రాయరు, లారీ తగిలి మృతి అని రాస్తారు.

తర్వాత మక్కల కాలం. కల్లాలు చాలవు, యార్డులో చోటు దొరకదు, తేమ ఎక్కువుంటే కొనరు. రైతు ఏం చేస్తాడు? సగం రోడ్డు మీద ఆరబోస్తాడు. చుట్టూ బండరాళ్లు పేరుస్తాడు. రాత్రి నల్ల పరదా కప్పుతాడు. వీధి దీపం లేని చోట నల్ల రోడ్డు, నల్ల పరదా, నల్ల రాయి. సైకిల్‌కు లైటుండదు. ఒకప్పుడు డైనమో లైటు లేకపోతే పోలీసు ఆపేవాడు, చక్రంలో గాలి తీసేవాడు, పంచాయతీ బిళ్ల లేదని ఫైన్ వేసేవాళ్లు. అది వేధింపే, కానీ రోడ్డు మీద సైకిల్ ఉన్నట్టు ప్రభుత్వానికి అప్పుడు గుర్తుండేది. ఇప్పుడు ఎవరికీ పట్టదు. నేను రైతును తప్పు పట్టను. ఆరబెట్టుకోవడానికి నాలుగు అడుగుల సిమెంటు నేల ఇవ్వలేని వ్యవస్థ, ఒక పేదవాడిని ఇంకో పేదవాడి దారికి అడ్డం వేసింది.

2024 సెప్టెంబర్ 1న వాన ముంచెత్తి కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింద కంకర కొట్టుకుపోయిన సంగతి దేశమంతా చూసింది. వందల మంది రాత్రింబవళ్లు పనిచేసి కొద్దిరోజుల్లోనే పట్టాలు సరిచేశారు. చేయాల్సిందే. అదే వానకు కోసుకుపోయిన పల్లె రోడ్ల అంచుల్లో మొరం పోయడానికి ఎన్ని నెలలు పట్టింది? కొన్నిచోట్ల ఇప్పటికీ అలాగే ఉన్నాయి.

వేదికల మీద వినపడే మిగతా వాదనలకు ఎక్కువ కాగితం ఖర్చు పెట్టను. ఉచిత బస్సు ఉండగా ఆడపిల్లలకు సైకిలెందుకంటారు. 2023 డిసెంబర్ నుంచి మహిళలకు టికెట్ లేదు, మంచిదే. కానీ బడి వేళకు బస్సు రాని ఊళ్లో ఉచితం ఏం చేసుకుంటారు? బీహార్‌లో 2006 నుంచి తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్లు ఇచ్చారు. కార్తీక్ మురళీధరన్, నిషిత్ ప్రకాశ్ దాని మీద అధ్యయనం చేసి, ఆ వయసు ఆడపిల్లలు హైస్కూల్లో చేరడం 32 శాతం పెరిగిందని 2017లో ప్రచురించారు, అందులోనూ బడి దూరంగా ఉన్న ఊళ్లలోనే ఎక్కువ. తమిళనాడు పుదుక్కోట్టైలో 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమం ఊళ్లకు ఊళ్లే ఆడవాళ్లకు సైకిల్ నేర్పింది. ఆంధ్రప్రదేశ్‌లో "బడికొస్తా" పేరుతో ప్రభుత్వ బడి ఆడపిల్లలకు సైకిళ్లిచ్చారు. ఇక సైకిల్ నెమ్మది, కాలం వేగంగా పోతోందంటారు. మూడు కిలోమీటర్లకు ఎంత వేగం కావాలి?

సైకిల్ దినం నాడే, 2020 జూన్ 3న, సాహిబాబాద్‌లోని అట్లాస్ సైకిళ్ల ఫ్యాక్టరీ మూతపడింది. 1951లో పుట్టిన కంపెనీ. మా ఊళ్ల పెళ్లిళ్లలో అల్లుడికి పెట్టిన సైకిళ్లు ఎన్నో ఆ కంపెనీవే. రిపేరు చేసే చేతులూ తగ్గిపోయాయి. తొట్టి నీళ్లలో ట్యూబు ముంచి, బుడగ వచ్చిన చోట ఉప్పుకాగితంతో రుద్ది, సొల్యూషన్ పూసి ముక్క అంటించే ముసలాయన దగ్గర ఇప్పుడు బైకు ట్యూబులే వేలాడుతున్నాయి. పోకులు బిగించి చక్రం వంపు తీసే పని కొడుక్కు నేర్పలేదని చెప్పాడు. గంటకింతని కిరాయికిచ్చే సైకిల్ టాక్సీ దుకాణం మా పిల్లలకు కథ. కైంచీ తొక్కుడు తెలిసిన తరం నాతో అయిపోతుంది. ఇంత జరుగుతుంటే, సైక్లింగ్ ఇప్పుడే మొదలవుతోందని చెప్పడానికి నోరెట్లా వస్తుంది!

మరి ఏం చేయాలంటే, నా దగ్గర పెద్ద ప్రణాళిక ఏమీ లేదు. రోడ్డు వేసే కాంట్రాక్టులో అంచుకు మొరం పోసి దిమ్మిస కొట్టేదాకా బిల్లు ఆపాలి. స్టేషన్ బయట, యార్డు లోపల సైకిళ్లకు నీడ ఉన్న స్టాండు కావాలి. రోడ్డు మీద కుప్పలు పడకుండా కల్లాలు కావాలి, ఇది వేరే పోరాటం. ఇంకొకటి, లెక్క. 1962లోనే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ సైకిల్ దారులకు నియమం రాసింది. రద్దీ గంటలో మోటారు వాహనాలు రెండు వందలు దాటే రోడ్డు మీద వంద సైకిళ్లు పోతే చాలు, విడిగా దారి వేయొచ్చని. వంద ఉన్నాయో లేవో తెలియాలంటే ఎవరో ఒకరు నిలబడి లెక్కపెట్టాలి. మా రోడ్ల మీద అలా లెక్కపెట్టినవాళ్లు ఎవరూ నాకు కనపడలేదు. మిర్చి సీజన్‌లో ఒక పొద్దున యార్డు గేటు ముందు కూర్చుని గీతలు గీయడానికి ఇద్దరు కాలేజీ పిల్లలు ఒప్పుకున్నారు. హమాలీలతో కూడా మాట్లాడుతున్నాం. ఆ కాగితం మున్సిపాలిటీలో ఇచ్చి, ఇచ్చినట్టు స్టాంపు వేయించుకుంటాం.