జర్మనీల కావాల్సింది కాయితం కాదు, నోరు

2024 అక్టోబర్ల జర్మనీ సర్కారు ఒక మాట చెప్పింది. పనితనం ఉన్న ఇండియా వాళ్లకు ఏడాదికి ఇచ్చే వీసాలు 20 వేల నుంచి 90 వేలకు పెంచుతమన్నది. గా దేశంల ముసలోళ్లు ఎక్కువైతున్రు, పనిచేసే చేతులు తక్కువైతున్నయి. దవాఖానలల్ల నర్సులు, ఫ్యాక్టరీలల్ల టెక్నీషియన్లు, ఎలక్ట్రీషియన్లు కావాలె. ఇగ మన పోరగాండ్ల ఫోన్ల నిండ రీల్సే. మూడు నెలల్ల బి1 చేపిస్తం, ఆర్నెల్లల్ల విమానం ఎక్కిస్తం అని.

నేను అడిగేది ఒక్కటే. గా లెక్క కుదురుతదా?

జర్మన్‌కు ఎ1 నుంచి సి2 దాక ఆరు మెట్లున్నయి. బయటి దేశాల నుంచి వచ్చి స్థిరపడేటోళ్లకు జర్మనీ సర్కారే ఒక కోర్సు నడుపుతది. అండ్ల సున్నా నుంచి బి1 దాక భాష నేర్పెతందుకు మామూలుగ పెట్టుకున్నవి 600 పీరియడ్లు, ఒక్కోటి 45 నిమిషాలు. రోజుకు నాలుగు, వారానికి ఐదు రోజులు చదివినా 30 వారాలు పడుతది. అంటే ఏడు నెలలు. గది గూడ బస్సుల, దుకాణంల, పక్కింట్ల జర్మనే వినవడేటోళ్లకు. కోరుట్లల రూంల కూసోని ఫోన్ల నేర్చుకునే పిల్లకు మూడు నెలల్ల ఎట్లొస్తది? వస్తే కాయితం వస్తది, మాట రాదు.

రెండో మెలిక ఇంక పెద్దది. 2024 జూన్ల జర్మనీ ‘అవకాశ కార్డు’ తెచ్చింది. ఉద్యోగం చేతిల లేకున్నా పోయి, ఏడాది దాక వెతుక్కోవచ్చు. దీనికి చదువు, అనుభవం, వయసు చూసి పాయింట్లు ఇస్తరు. భాష కింద ఎ1 జర్మన్ గానీ, బి2 ఇంగ్లిష్ గానీ ఉంటే దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఏజెంట్లు ఈడిదాకనే చెప్తరు. ఆగే ముచ్చట చెప్పరు. ఏడాది ఖర్చుకు 2025 లెక్కన 13 వేల యూరోల పైన ఖాతాల చూపియ్యాలె. ఉద్యోగం దొరికేదాక వారానికి 20 గంటల పార్ట్‌టైం పనే. ఇగ ఉద్యోగం ఇచ్చేటోడు ఎ1 చూసి ఇయ్యడు. నర్సుగ గుర్తింపు రావాలంటే మామూలుగ బి2 అడుగుతరు. పనిల ఉంటూ చదువుకునే ‘ఔస్‌బిల్డుంగ్’ ట్రైనింగ్‌కు మామూలుగ బి1 కావాలె. కొన్ని ఐటీ కంపెనీలల్ల ఇంగ్లిష్‌తోని నడుస్తది, నిజమే. మన ఐటీఐ, పాలిటెక్నిక్, నర్సింగ్ పిల్లలకు మాత్రం గా దారి లేదు. వీసా అడిగే భాషకు, పని అడిగే భాషకు నడుమ గుంత ఉన్నది. కుదువ పెట్టిన భూమి గా గుంతలనే పడుతది.

సరే, పని దొరికిందనుకుందాం. గప్పుడే అసలు భాష మొదలైతది. జర్మన్‌ల ‘హల్ప్ ఆఖ్ట్’ అంటే మాటకు మాట సగం ఎనిమిది. ఎనిమిదిన్నర అనుకోని పోతే గంట లేటు. వాళ్ల లెక్కల గది ఏడున్నర. 21 చెప్పాలంటే ‘ఒకటీ ఇరవై’ అంటరు. ఫోన్ల మందు డోసు వినే నర్సు 21ని 12 అని రాసుకుంటే ఏమైతదో చెప్పనక్కరలేదు. పని మానేటప్పుడు కంపెనీ ఇచ్చే సర్టిఫికెట్‌ల ‘ఆయన ప్రయత్నం చేసిండు’ అని ఉంటే మెచ్చుకున్నరని సంబురపడొద్దు. ప్రయత్నం చేసిండు గని చేతగాలేదని దానర్థం. తర్వాత ఉద్యోగం ఇచ్చేటోడు గా మాట పట్టుకుంటడు.

హక్కులు గూడ భాషలనే ఉన్నయి. ఉద్యోగంల చేరి 4 వారాలు నిండితే, జరమొచ్చి పండుకున్నా 6 వారాల దాక జీతం ఇయ్యాలె. గని పనికి రాలేనని ఎంటనే చెప్పాలె, అడిగినప్పుడు డాక్టరు చీటీ ఉండాలె. పనిల నుంచి తీసేస్తే కాయితం మీద రాసి సంతకం పెట్టి ఇయ్యాలె, వాట్సాప్ మెసేజ్ చెల్లదు. అది అన్యాయం అనుకుంటే 3 వారాల లోపల లేబర్ కోర్టుకు పోవాలె. గా కాయితం చదవరాక, ఎవలన్న దోస్తు చెప్తడని నాలుగు వారాలు జేబుల పెట్టుకుంటే చట్టం ఉండి ఏం లాభం?

మా జగిత్యాల, నిజామాబాద్, కరీంనగర్ దిక్కు గీ బాధ కొత్తది కాదు. గల్ఫ్‌కు పోయిన మన అన్నలు ఏం రాసి ఉన్నదో తెల్వని కాయితాల మీద సంతకాలు పెట్టిన్రు. పాస్‌పోర్టులు గుంజుకున్నా అడగనీకి నోరు లేకపాయె. జర్మనీల చట్టం జర గట్టిగున్నది. గని దాన్ని అడగాలంటే వాళ్ల భాషలనే అడగాలె.

భయపెట్టుడు నా పని కాదు. తెలుగోళ్లకు ఒక లాభం గూడ ఉన్నది. ‘ఎందుకంటే’ తోని మొదలైన మాటల జర్మన్‌ల క్రియ చివరకు పోతది. ఇంగ్లిష్ మీడియం పిల్లలు ఈడ తికమక పడుతరు. మనం పుట్టినప్పటి సంది క్రియ చివరనే పెడుతున్నం. నువ్వు, మీరు అనే తేడా ఇంగ్లిష్‌ల లేదు, జర్మన్‌ల ఉన్నది: ‘డు’, ‘జీ’. పెద్ద సారును మీరు అనుడు మనకు ఎవలు నేర్పాలె? ఇంగ్లిష్ రాదని చిన్నబోయిన పిల్లలు జర్మన్ గూడ రాదనుకోవద్దు.

నేర్చుకునేతందుకు లక్షలు అక్కరలేదు. జర్మనీ ప్రసార సంస్థ డాయిచె వెల్లె ‘నీకోస్ వేగ్’ అనే కోర్సును ఎ1 నుంచి బి1 దాక ఫ్రీగ పెట్టింది. ముందు ఎ1 ఇంటికాడనే అయిపోగొట్టుండ్రి. మాట్లాడెతందుకు, తప్పులు దిద్దెతందుకు మాత్రం మనిషి కావాలె, గక్కడ ఫీజు పెట్టుండ్రి. ఏజెంటు కాడికి పోయేముందు ఈ-మైగ్రేట్ పోర్టల్‌ల లైసెన్స్ ఉన్నదో లేదో చూడుండ్రి. రూల్ ప్రకారం ఆయన తీసుకోవాల్సింది 30 వేలు, జీఎస్టీ అదనం. అంతకు మించి అడిగితే ఎందుకని అడుగుండ్రి.

సర్కారును గూడ అడగాలె. టామ్‌కామ్ నర్సులకు జర్మన్ ట్రైనింగ్ ఇస్తున్నది, మంచిదే. గోథె సెంటర్ గూడ హైదరాబాద్‌లనే ఉన్నది. హాస్టల్ కిరాయి, తిండి, ఫీజు కలిపితే ఊరి పిల్లకు పరీక్ష కన్నా పట్నం బరువైతది. జిల్లాకొక సర్కారు నర్సింగ్ కాలేజీల, ఐటీఐల జర్మన్ టీచర్‌ను పెడితే ఏం పోతది? చదివేటప్పుడే మొదలుపెడితే, చదువు అయ్యేనాటికి బి1 చేతిలుంటది. గప్పుడు ఏజెంటు మన దగ్గరికి వస్తడు. మనం ఆయన గడప తొక్కే పని ఉండదు.