ఎడమచేతి పాఠము

ఈ మాసమున మేము వంటయింటి విషయములను కొంత ప్రక్కకు పెట్టి, మగపిల్లల బంతియాటను గూర్చి వ్రాయ బూనితిమి. ఆటలతో మనకేమి పనియని మీరు నవ్వవచ్చును. మేమును మొదట నవ్వినవారమే. కాని ఆటస్థలమున పుట్టిన తగవు మా ప్రక్కయింటి భోజనపు పీటవరకు వచ్చి, అచ్చటినుండి మా గడప యెక్కినది. గడప యెక్కినదానిని విచారింపక పంపివేయుట గృహిణికి తగదు గదా!

మేముండునది చిల్కూరు, ఉస్మాన్‌సాగరు చెరువునకు చేరువనున్న గ్రామము. ఇచ్చటి వేంకటేశ్వరస్వామి దేవాలయమున హుండీ లేదు. కోరిక కోరుకొనువారు 11 ప్రదక్షిణములు చేయుదురు; అది నెరవేరినచో మరల వచ్చి 108 చేయుదురు. విదేశములకు పోగోరువారు విశేషముగా వచ్చుటచే స్వామికి ‘వీసా బాలాజీ’ యను పేరు గూడ వాడుకలోనికి వచ్చినది. మొయినాబాదు, చేవెళ్ల త్రోవలలో కళాశాలలు పెక్కు వెలసినవి. వానిలో నొకదానియందు మా ప్రక్కయింటి యిల్లాలి కుమారుడు చదువుచు, ఆ కళాశాల బాస్కెట్‌బాల్ జట్టులో ఆడుచున్నాడు.

నిరుడు ఆ జట్టునకు క్రొత్త శిక్షకుడు వచ్చెను. ఆయన వచ్చిన నెలలోనే పిల్లవాని నడవడి మారినది. తలుపు ఎడమచేత తీయును. నీళ్లబిందె ఎడమచేత ఎత్తును. తల ఎడమచేత దువ్వుకొనును. ఒకనాటి రాత్రి పీటపై కూర్చుండి, ఎడమచేతిని అన్నములో పెట్టెను. తల్లి గరిటె క్రింద పడవైచి మా యింటికి వచ్చినది.

“ఏందక్కా, ఎడమ చేతితోని అన్నం తినుమని ఏ సార్ చెప్తడు? ఇదేం సదువు?” అని యామె కండ్లనీరు పెట్టుకొన్నది. దుఃఖమునకు కారణము అన్నమొక్కటియే కాదు. అంతకుముందు జట్టులో మొదటి యైదుగురలో ఆడు బిడ్డను క్రొత్త శిక్షకుడు బల్లపై కూర్చుండబెట్టెను. జట్టు వరుసగా రెండు పోటీలలో ఓడెను. బిడ్డ ఓడి వచ్చిన రాత్రులు అన్నము ముట్టకుండెను. ఈ యేడు జట్టు గెలువవలెనని ఆమె స్వామికి 11 ప్రదక్షిణములు చేసి వచ్చియుండెను. ఇక పిల్లవానిని ఆట మానిపించెదననియు, ఆ మాట కళాశాల పెద్దలతో చెప్పుటకు మా వారిని వెంట పంపవలెననియు ఆమె కోరిక.

మా వారు బడిపంతులు. ఉపాధ్యాయునిపై ఫిర్యాదు వచ్చినప్పుడు ముందుగా ఉపాధ్యాయుని మాట వినవలెనని వారి నియమము. మరునాటి సాయంకాలము వారు ఆటస్థలమునకు పోయి, శిక్షకునితో మాటలాడి వచ్చిరి. వారు చెప్పినది మాకు బోధపడినంతవరకు వ్రాసెదము.

ఈ ఆటలో ప్రక్కకు అయిదుగురు. ఆటస్థలము 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు. రెండు కొనలయందును పదియడుగుల యెత్తున నొక్కొక్క ఇనుపవలయము, దానికి వ్రేలాడు వల. బంతి ఆ వలయములోనుండి జారినచో రెండు పాయింట్లు, 6.75 మీటర్లకు ఆవలనుండి వేసినచో మూడు. బంతిని చంకబెట్టుకొని పరుగెత్త గూడదు. ఒంటిచేత నేలకు కొట్టుచు నడిపింపవలెను. బంతి చేతికి వచ్చిన 24 సెకండ్లలోగా గురిచూచి వేయవలెను. కుడిచేతనే బంతిని నడుపువాని ముందు ఎదిరిపక్షమువాడు కుడివైపున అడ్డముగా నిలుచును. అప్పుడు పాపము వీనికి సగము ఆటస్థలము మూసికొనిపోవును. మా ప్రక్కయింటి పిల్లవాని కుడిచేయి జట్టులో నెల్ల మేలైనదట. అందుచేతనే ఎడమచేయి ఎల్లవారికంటె మొద్దుబారియుండెనట. ఆ సంగతి ఎదిరిపక్షములవారు ఎరుగుదురు. కావున శిక్షకుడు ఆ యేటి తొలి దినములలో గెలుపును గూర్చి యోచింపక, ఎడమచేతి సాధనకే కాలము నిచ్చెను. ఇంటిపనులు గూడ ఆ చేతనే చేయుడని చెప్పెను. అన్నము మాట యెత్తగానే ఆయన నవ్వి, అది తాను చెప్పినది కాదనియు, కుర్రవాని యత్యుత్సాహమనియు అనెనట.

ఇది విన్నప్పుడు మాకు విరాటపర్వము జ్ఞప్తికి వచ్చినది. ఉత్తరకుమారునికి తన పది పేర్ల కారణములను చెప్పుచు, అర్జునుడు రెండు చేతులతోను గాండీవము నాకర్షింపగలవాడగుటచే సవ్యసాచియని పిలువబడెనని తెలుపును. చిన్ననాట ఆ కథ చదివినప్పుడు అది పుట్టుకతో వచ్చిన వరమని మేము తలచితిమి. అభ్యాసము లేక ఎడమచేతికి ఆ బలము రాదని ఇప్పుడు తోచుచున్నది.

ఈ యాట పుట్టుకయు ఒక క్రొత్త ఉపాధ్యాయుని కథయే. అమెరికాలో స్ప్రింగ్‌ఫీల్డు పట్టణమున 1891వ సంవత్సరము డిసెంబరులో, జేమ్స్ నైస్మిత్ అను వ్యాయామోపాధ్యాయునకు 18 మంది విద్యార్థుల తరగతి నొకదాని నప్పగించిరి. అంతకుముందు ఇరువురు ఉపాధ్యాయులు ఆ తరగతితో వేగలేక విడిచిరి. శీతకాలమగుటచే ఆరుబయట ఆడ వీలు లేదు. ఆయన పీచ్ పండ్ల బుట్టలు రెండింటిని గోడవసారాకు పదియడుగుల యెత్తున కొట్టించి, 13 నియమములు వ్రాసి, ప్రక్కకు తొమ్మండ్రు చొప్పున నిలిపి ఆడించెను. ఆ తొలి యాటలో బంతి బుట్టలో పడినది ఒక్కసారియే. మరుసటి యేటనే సెండా బెరెన్‌సన్ అను ఉపాధ్యాయిని ఈ యాటను స్మిత్ అను స్త్రీల కళాశాలలో ప్రవేశపెట్టినది. కావున ఇది మగవారి సొత్తని సోదరీమణులు తలపవలదు. ఆ స్ప్రింగ్‌ఫీల్డుననే చదివిన హారీ క్రో బక్ 1920లో మదరాసున వై.ఎమ్.సి.ఎ. వ్యాయామ విద్యాలయమును స్థాపించెను.

మరియొక విశేషము వినుడు. నైస్మిత్ 1898 మొదలు 1907 వరకు కాన్సాస్ విశ్వవిద్యాలయపు జట్టునకు శిక్షకుడుగా నుండెను. ఆ కాలమున ఆ జట్టు గెలిచినవి 55, ఓడినవి 60. ఆటను కనిపెట్టినవాని లెక్కయే ఓటమి వైపునకు మ్రొగ్గినది! కాని ఆయన శిష్యుడు ఫాగ్ అలెన్ పిమ్మట ఆ జట్టునకే శిక్షకుడై ప్రఖ్యాతి గాంచెను. గురువు నాటిన విత్తు ఏ ఋతువున పండునో చెప్పజాలము.

అంత దూరదేశపు కథ మా ప్రక్కయింటి యిల్లాలికి రుచింపలేదు. “మన దిక్కు ఎవరన్న ఉన్నరా?” అని యడిగినది. ఉన్నారు. బాస్కెట్‌బాల్ కాకున్నను, కాలిబంతియాటలో మన హైదరాబాదు బడిపంతులొకరు దేశమునకే గురువైరి.

సయ్యద్ అబ్దుల్ రహీమ్‌గారు 1909లో జన్మించిరి. ఉస్మానియా విశ్వవిద్యాలయమున పట్టభద్రులై, కాచిగూడ మున్నగుచోట్ల పాఠశాలలలో ఉపాధ్యాయులుగా నుండిరి. జనులు వారిని రహీమ్ సాబ్ అని గౌరవముతో పిలిచెడివారు. 1950లో వారు హైదరాబాదు సిటీ పోలీసు జట్టునకు శిక్షకులైరి. ఆ తొలియేటనే ఆ జట్టు డ్యూరాండ్ కప్పు తుదిపోటీలో కలకత్తా మోహన్ బగాన్ జట్టును జయించెను. 1950 మొదలు 1954 వరకు అయిదేండ్లును రోవర్స్ కప్పు ఆ జట్టుదే. కొందరు గురువులకు తొలియేటనే ఫలము లభించుట కలదని మేము దాచిపెట్టము. అయినను ఆ గెలుపులతో వారు సాధన తగ్గింపలేదు. బలములేని కాలితోనే బంతిని తన్నవలెనని నియమము పెట్టి ఆటగాండ్ర చేత పోటీలాడించిరట! మన పిల్లవాని ఎడమచేతి పాఠమే, వారు ఎడమకాలికి చెప్పిరి.

రహీమ్‌గారికి ఓటమియు తప్పలేదు. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడలలో వారి జట్టు ఇరానును ఓడించి బంగారు పతకము నందినది. మరుసటి యేడు, 1952లో, హెల్సింకి ఒలింపిక్ క్రీడలలో యుగోస్లావియా చేతిలో 10-1 లెక్కతో ఓడినది. ఆ చలిదేశమున మనవారిలో పెక్కండ్రు పాదరక్షలు లేకయే ఆడిరి. ఆనాటి లెక్కనే చూచి ఇక ఈయన మనకు వలదని శాశ్వతముగా నిర్ణయించియున్నచో ఏమగును? 1956లో మెల్బోర్నునకు జట్టును మరల వారే తీసికొనిపోయిరి. అచ్చట మనవారు బూట్లతో ఆడి, ఆస్ట్రేలియాను 4-2 తో ఓడించిరి. అందు మూడు గోల్సు నెవిల్ డిసౌజావి. ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీఫైనలునకు చేరిన మొదటి ఆసియా జట్టు మనదే. అచ్చట యుగోస్లావియా మరల గెలిచినది. మనకు నాలుగవ స్థానము వచ్చినది.

1962 జకార్తా ఆసియా క్రీడల నాటికి రహీమ్‌గారు క్యాన్సరుతో బాధపడుచుండిరి. మొదటి పోటీలోనే మన జట్టు దక్షిణ కొరియా చేతిలో 2-0 తో ఓడెను. పిమ్మట థాయిలాండును, జపానును, దక్షిణ వియత్నామును గెలిచి, సెప్టెంబరు 4వ తేదీన తుదిపోటీలో ఆ దక్షిణ కొరియానే మరల ఎదుర్కొనెను. జర్నైల్ సింగ్ అను ఆటగాడు వెనుకనుండి కాపాడువాడు. తలకు గాయమై కుట్లు పడియుండెను. రహీమ్‌గారు అతనిని ముందువరుసలో నిలిపిరి. పి.కె. బెనర్జీ యొకటి, జర్నైల్ యొకటి గోలు చేసిరి. 2-1 తో బంగారు పతకము మనదైనది. 1963 జూన్ 11వ తేదీన రహీమ్‌గారు స్వర్గస్థులైరి. అటు పిమ్మట మన దేశమునకు ఆసియా క్రీడలలో పురుషుల ఫుట్‌బాల్ బంగారు పతకము మరల రాలేదు.

ఇంతయు విని మా ప్రక్కయింటి యిల్లాలు కొంత తడవు మాటాడక కూర్చుండినది. ఆపై, “అయితే అన్నం మాత్రం కుడి చేతితోనే తినాలె” అన్నది. ఆ తీర్పునకు మేమును అంగీకరించితిమి. అన్నము కుడిచేతిది, చీపురు, బిందె, తలుపు ఎడమచేతివి. ఆ మాట చెప్పుచునే మేము ఆమె చంకనున్న మనుమరాలిని చూచి నవ్వుకొంటిమి. బిడ్డను ఎడమచేత నెత్తుకొని, కుడిచేత పొయ్యిమీది కూర కలియబెట్టు తల్లికి ఎడమచేతి బలమును గూర్చి మేము చెప్పవలసినదేమి?

పిల్లవాడు ఆట మానలేదు. కొన్ని వారములకు మరల అయిదుగురలో చేరెను. ఆ యేడు జట్టునకు గెలుపులకంటె ఓటములే ఎక్కువ. కడపటి పోటీయు కొలదిలో పోయినది. అందు ఎదిరిపక్షమువాడు అలవాటు చొప్పున కుడివైపున అడ్డము నిలిచెనట. మనవాడు బంతిని ఎడమచేతికి మార్చి, వానిని దాటి, తాను వేయక, ఖాళీగానున్న తోడివానికి అందిచ్చెనట. ఆ రాత్రి ఇంటికి వచ్చి ఓడితిమని చెప్పి, కడుపునిండ అన్నము తినెను. తల్లి చూచినది అదియే. లెక్కలు ఆమె అడుగలేదు.

ఆమె అడుగకున్నను కళాశాలవారు అడిగిరి. ఒక యేడు ఖర్చుపెట్టి ఓటములు కొనితెచ్చుకొంటిమని, క్రొత్త శిక్షకుని మార్చవలెనని మాటలు బయలుదేరినవి. మా వారు ఈ మాట విని బాధపడిరి. ఒక తరగతిని చేపట్టిన తొలియేడు వచ్చు పరీక్షాఫలము వెనుకటి పంతులదనియు, రెండవయేటి ఫలమే తనదనియు వారు అనుచుందురు. ఇది బడికిని చెల్లును, ఆటకును చెల్లును. క్రొత్త కోడలు వచ్చిన యేడే ఆమె వంటకు తీర్పు చెప్పు అత్తలకును చెల్లునని మేము చేర్చుచున్నాము.

సోదరీమణులారా! మన పిల్లలు ఆటలాడి వచ్చినప్పుడు “గెలిచితివా?” యని యడుగుట సహజము. దానితోపాటు “నిన్నటికంటె నేడు చేతనైనదేమి?” అని గూడ అడుగుడు. గురువు కఠినముగా కనబడినచో, ఫిర్యాదునకు ముందు ఒక్కసారి ఆయన మాట వినుడు. అన్యాయమున్నచో ఎదిరింపుడు, పాఠమే యైనచో ఓర్చుకొనుడు. రెంటికిని తేడా విన్నగాని తెలియదు.

మొన్నటి శనివారము వేకువజామున మేము గుడికి పోగా, మా ప్రక్కయింటి యిల్లాలు ప్రదక్షిణములు చేయుచు కనబడినది. జట్టు గెలువలేదు గనుక ఆమె 108 చేయవలసిన పని లేదు. మరల 11తో మొదలుపెట్టినది. కోరిక యేమని యడిగితిమి. ఆ శిక్షకుని ఇంకొక యేడు ఉండనిమ్మని కోరుకొన్నదట.