గడియారం చేసిన వడ్రంగి

హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్ళిన మనవాళ్ళు, గంటగంటకూ బొమ్మ బయటికి వచ్చి గంట కొట్టే గడియారాన్ని చూసి మురిసిపోతారు. అక్కడే నిలువెత్తు చెక్కపెట్టెల్లో ఉన్న పాత గడియారాల ముందు ఆగేవారు తక్కువ. వాటి కథ మాత్రం మన చేతిపనివారందరూ తెలుసుకోదగినది.

లోలకం గడియారాన్ని 1656లో హాలెండు శాస్త్రజ్ఞుడు హైగెన్స్ రూపొందించాడు. ఆ తర్వాత ఇంగ్లండులో ఈ పొడుగు గడియారాలు వచ్చాయి. సుమారు మీటరు పొడవున్న లోలకం ఒక్కో ఊపుకు ఒక సెకను తీసుకుంటుంది. ఆ లోలకం ఊగడానికీ, చక్రాలను తిప్పే బరువులు కిందికి దిగడానికీ చోటు కావాలి. అందుకే అంత పెట్టె.

వీటిని చేసినవారు పెద్ద చదువులవారు కారు. తండ్రి దగ్గర కొడుకు, అన్న దగ్గర తమ్ముడు నేర్చుకున్న పని ఇది. లండనులో పేరుమోసిన టాంపియన్ ఒక కమ్మరి కొడుకు. 1713లో ఆయన చనిపోతే, రాజులను సమాధి చేసే వెస్ట్‌మినిస్టర్ అబ్బేలోనే ఆయననూ సమాధి చేశారు.

సరిగ్గా అదే ఏడాది ఒక పల్లెలో జాన్ హారిసన్ అనే వడ్రంగి కొడుకు కర్ర చక్రాలతో గడియారం చేశాడు. అప్పటికి ఆయన వయసు ఇరవై. తర్వాత తమ్ముడు జేమ్స్‌తో కలిసి, నూనె అక్కర్లేని గడియారాలు చేశాడు. స్వతహాగా జిడ్డు ఉండే కర్రను వాడడమే అందులోని కిటుకు. ఎండకు లోహం సాగి లోలకం పొడవు మారకుండా ఇత్తడి, ఉక్కు కడ్డీలను జతచేశాడు.

నడిసముద్రంలో ఓడ ఎక్కడుందో తెలుసుకునే ఉపాయం చెప్పినవారికి 20 వేల పౌన్ల వరకు బహుమతి ఇస్తామని 1714లో అక్కడి పార్లమెంటు ప్రకటించింది. అందుకు తగిన గడియారాన్ని హారిసన్ చేసి చూపాడు. పండితులు మాత్రం పరీక్షల మీద పరీక్షలు పెట్టారు. సొమ్ము కొసరి కొసరి ఇచ్చారు. చివరికి 1773లో పార్లమెంటు కలగజేసుకుంటేగాని మిగిలిన సొమ్ము చేతికి రాలేదు. అప్పటికి ఆయనకు 80 ఏళ్ళు.

మన పల్లెల్లో జరుగుతున్నదీ ఇదే. బండిచక్రం చేసిన చేతులకు సర్టిఫికెట్ లేదు గనుక విలువ లేదు. కొడుకులు తండ్రి ఉలి వదిలి పట్నానికి కూలికి పోతున్నారు. 2023లో కేంద్రం ప్రారంభించిన విశ్వకర్మ పథకంలో చేతిపనివారికి శిక్షణ, అప్పు ఉన్నాయి. మంచిదే. అయితే తలపండిన వడ్రంగికి పని నేర్పడం కాదు, ఆయన చేత నేర్పించాలి. ఐ.టి.ఐ.లలో అలాంటివారిని గురువులుగా తీసుకోవాలి. చదువెంత అని కాదు, చేసిన వస్తువేదని అడగాలి. గుర్తింపు ఎనభయ్యో ఏట వస్తే ఎవరికి లాభం?