తనిఖీ ఒక్క రోజు, బడి ఏడాది పొడుగునా



మూత్రంలో మంట, పొత్తికడుపులో నొప్పి అంటూ మా పిల్లల విభాగానికి వచ్చే ఆడపిల్లలను మేము తప్పక అడిగే ప్రశ్న ఒకటుంది. “బడిలో నీళ్ళు తాగుతున్నావా అమ్మా?” చాలాసార్లు పిల్ల తల దించుకుంటుంది. ఉదయం నింపి పంపిన సీసా సాయంత్రం అలాగే తిరిగి వస్తున్నదని తల్లికి అప్పుడు గుర్తుకు వస్తుంది. నీళ్ళు తాగితే మూత్రానికి వెళ్ళాలి. అక్కడ మరుగుదొడ్డికి గడియ ఉండదు, లేదా నీళ్ళు రావు, లేదా తాళం వేసి ఉంటుంది. అందుకని పిల్ల సాయంత్రం వరకు ఆపుకుంటుంది. నీళ్ళు తక్కువ తాగి, మూత్రం ఆపుకునే పిల్లలకు ఇన్‌ఫెక్షన్ సులభంగా వస్తుంది. మేము మందు ఇస్తాము, మంట తగ్గుతుంది. పిల్ల మళ్ళీ అదే బడికి వెళుతుంది.

బడిలో ఈ సంగతి అడగండి అని మేము చెప్పినప్పుడు కొందరు తల్లిదండ్రులు, “మొన్ననే తనిఖీ అయింది కదండీ, అంతా బాగుందన్నారు” అంటారు. ఈ మాట గురించే ఈసారి వ్రాయదలచాము.

మొదట, బడికి వచ్చేవారందరూ ఒకే పని మీద రారని తెలుసుకోవాలి. మండల విద్యాశాఖాధికారి వస్తే ముఖ్యంగా హాజరు, బోధన, రికార్డులు, వసతులు చూస్తారు. అంగన్‌వాడీకి సూపర్‌వైజర్ వస్తారు. పిల్లల హాజరు, సరుకుల నిల్వ, ఆహారం, బరువుల నమోదు చూస్తారు. ఇక తెల్లకోట్లు వేసుకుని వచ్చే ఆరోగ్య బృందం వేరు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం క్రింద వారు అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడికి ఒకసారి రావాలి. వారు చూసేది పిల్లలను, బడిని కాదు. పళ్ళు, కళ్ళు, గుండె, రక్తహీనత చూస్తారు. డాక్టర్లు వచ్చి వెళ్ళారు గనుక మంచినీళ్ళ ట్యాంకు కూడా బాగున్నట్టే అనుకోవడం పొరపాటు.

రెండవది, తనిఖీ ఒక్క రోజు పని. ఆ రోజు ముగ్గు వేస్తారు, ట్యాంకు కడుగుతారు, మరుగుదొడ్డి తాళం తీసి బకెట్టుతో నీళ్ళు పెడతారు. అధికారి చూసి “పనిచేస్తున్నది” అని వ్రాస్తారు. ఆ మాట అబద్ధం కాదు. కాని అది ఆ ఒక్క రోజుకు చెందిన నిజం. మిగిలిన రోజుల నిజం మన పిల్లలకు మాత్రమే తెలుసు, పిల్లలను ఎవరూ అడగరు.

ఈ నిర్లక్ష్యానికి మన దేశం చాలా పెద్ద వెల చెల్లించింది. 2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణంలో ఒక బడి వంటశాల నుండి లేచిన నిప్పు ఆకుల పైకప్పుకు అంటుకుని 94 మంది పిల్లలు చనిపోయారు. సరిగ్గా తొమ్మిదేళ్ళకు, 2013 జూలై 16న, బీహార్‌లోని గండామన్ గ్రామంలో పురుగుమందు కలిసిన మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. ఆకుల పైకప్పు కంటికి కనిపించేదే. వంటనూనె పక్కన పురుగుమందు డబ్బా ఉండకూడదన్నది ఏ గృహిణికైనా తెలిసినదే. ఇటువంటివి కనిపెట్టడానికి పెద్ద చదువులు అక్కరలేదు. రోజూ వెళ్ళి చూసే కళ్ళు కావాలి.

ఆ కళ్ళు తల్లిదండ్రులవే కావాలని చట్టం కూడా అంటున్నది. 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ప్రకారం బడికి బాలబాలికలకు వేరువేరు మరుగుదొడ్లు, సురక్షితమైన తాగునీరు ఉండాలి. ప్రభుత్వ, ఎయిడెడ్ బడులలో పాఠశాల యాజమాన్య కమిటీ సభ్యులలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులో, సంరక్షకులో అయి ఉండాలి, సభ్యులలో సగం మంది స్త్రీలు ఉండాలి. 2015లో వచ్చిన మధ్యాహ్న భోజన నియమాల ప్రకారం పిల్లలకు వడ్డించే ముందు ఒక ఉపాధ్యాయునితో కలిపి ఇద్దరు ముగ్గురు పెద్దలు ఆ భోజనం రుచి చూడాలి. ఆ పెద్దలు ఈ కమిటీ వారే. మీ ఊరి బడిలో నిన్న ఎవరు రుచి చూశారో మీకు తెలుసా?

ప్రైవేటు బడులకు ఈ కమిటీ తప్పనిసరి కాదు. కాబట్టి అక్కడ తల్లిదండ్రులు ఇంకా ఎక్కువ అడగాలి. గుర్తింపు పత్రం ఏ తరగతి వరకు, ఏ సంవత్సరం వరకు ఉన్నదో చూడండి. బడి బస్సుల ఫిట్‌నెస్ గడువు మన రెండు తెలుగు రాష్ట్రాలలో మే 15తో ముగుస్తుంది. జూన్‌లో బిడ్డను ఎక్కించే ముందు కొత్త పత్రం వచ్చిందో లేదో అడగండి. ఇక నర్సరీ, ప్లే స్కూలు సంగతి. విద్యాహక్కు చట్టం ముఖ్యంగా 6 నుండి 14 ఏళ్ళ పిల్లలకు. అంతకంటే చిన్నపిల్లలను అద్దె ఇంటి మేడ మీద చేర్చేటప్పుడు బొమ్మలు వేసిన గోడలు చూసి మురిసిపోకుండా మెట్లకు గేటు, బయటికి రెండవ దారి, చేతులు కడిగే సబ్బు ఉన్నాయో లేదో చూడండి.

కొందరు తల్లులు మాతో అంటారు: “అడిగితే మా పిల్లవాడి మీద కక్ష కడతారేమో డాక్టరమ్మా.” ఈ భయాన్ని మేము తేలికగా తీసుకోవడం లేదు. ఒక్కరే వెళ్ళకండి, నలుగురు కలిసి వెళ్ళండి. తప్పు పట్టడానికి వెళ్ళినట్టు కాక, పని చక్కబెట్టడానికి వెళ్ళినట్టు మాట్లాడండి. ఇద్దరే ఉపాధ్యాయులున్న బడిలో మరుగుదొడ్డి పాడైతే అది పంతులమ్మగారి తప్పు కాదు. ఆమె ఇదివరకే అర్జీ పెట్టి ఉండవచ్చు. మీ సంతకాలు తోడైతే ఆ అర్జీకి బలం వస్తుంది.

మా అభిప్రాయం ఒక్కటే. తనిఖీలో వ్రాసినది ఆఫీసు బీరువాలో ఉండిపోకూడదు. తల్లిదండ్రుల సమావేశంలో దానిని బయటికి చదివి వినిపించాలి. ఏది సరిచేయాలన్నారు, ఎప్పటిలోగా, ఎవరు చేస్తారు అన్న మూడు ప్రశ్నలకు జవాబు చెప్పాలి. చెప్పకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం క్రింద మండల విద్యాశాఖ కార్యాలయంలో అర్జీ పెట్టవచ్చు. మామూలుగా 30 రోజులలో జవాబు ఇవ్వాలి. అంగన్‌వాడీలో అయితే కాగితం కూడా అక్కరలేదు. నెల నెలా బరువు తూచి గీసే చార్టులో మీ బిడ్డ గీత పైకి పోతున్నదా, నిలిచిపోయిందా చూపించమని అడగండి.

అన్నిటికంటే సులువైన తనిఖీ మీ ఇంట్లోనే ఉన్నది. ఈ రోజు సాయంత్రం బిడ్డ సంచిలోని నీళ్ళ సీసా తీసి చూడండి. నిండుగా ఉంటే కోప్పడవద్దు. దగ్గర కూర్చోబెట్టుకుని కారణం అడగండి. రేపు బడికి వెళ్ళి ఏమి అడగాలో మీ బిడ్డే మీకు చెబుతుంది.