దిగుముఖంలో క్యాష్‌బ్యాక్ రేట్లు: కార్డు తీసుకునేవారు చూడవలసిన లెక్క

మిర్చికి గాని, పసుపుకు గాని బజారు దిగుముఖంలో ఉన్నప్పుడు అనుభవమున్న వర్తకుడెవరూ నేటి ధర చూసి ఏడాది సరుకు కొని పెట్టుకోడు. సరుకు అమ్ముకునేనాటికి ధర ఎంత ఉండగలదో అంచనా కట్టి, ఆ అంచనాలో కూడా కొంత తగ్గించుకుని, ఆ పైన బేరం మాట్లాడతాడు. అదే వర్తకుడు ఇంటి ఖర్చులకు క్రెడిట్ కార్డు తీసుకునేటప్పుడు మాత్రం ప్రకటనలో పెద్ద అక్షరాలతో వేసిన "5 శాతం క్యాష్‌బ్యాక్" ఒక్కటే చూసి సంతకం పెడుతున్నాడు. క్యాష్‌బ్యాక్ కూడా కొన్నేళ్ళుగా దిగుబజారులో నడుస్తున్న సరుకేనన్న సంగతి చాలామంది గమనించినట్లు లేదు.

గడచిన సంవత్సరాల ధోరణి చూస్తే విషయం తేటపడుతుంది. ఎస్‌బీఐ కార్డు సంస్థ 2022 సెప్టెంబరులో క్యాష్‌బ్యాక్ కార్డు విడుదల చేసినప్పుడు ఆన్‌లైన్ కొనుగోళ్ళపై 5 శాతం, నెలకు రు. 10,000 వరకు ఇస్తామన్నది. ఎనిమిది నెలలు తిరగకుండానే, 2023 మే 1 నుండి ఆ పరిమితి రు. 5,000కు దిగింది. యాక్సిస్ బ్యాంకు 2020లో గూగుల్ పేతో కలిసి తెచ్చిన ఏస్ కార్డుకు ఏ దుకాణంలో గీకినా 2 శాతం వస్తుందని మంచి పేరుండేది. 2024 ఏప్రిల్ 20 నుండి అది ఒకటిన్నర శాతమైంది. విద్యాసంస్థల ఫీజులు, బీమా, బంగారం వంటివి ఆ లెక్కలోనుండి తప్పుకున్నవి. అద్దె చెల్లింపుల విషయం మరీ విచిత్రం. లాభం ఇవ్వకపోవడమే గాక, 2022 అక్టోబరు 20 నుండి ఐసీఐసీఐ బ్యాంకు వాటిపై 1 శాతం రుసుము పట్టింది. తక్కిన బ్యాంకులు కూడా అదే బాట పట్టినవి.

రేటు తగ్గడమంటే అంకె తగ్గడమొక్కటే కాదు. 5 శాతం 5 శాతంగానే ఉంటుంది. దానికి నెలవారీ పరిమితి వస్తుంది. పరిమితి అలాగే ఉంటుంది. కరెంటు బిల్లు జాబితాలోనుండి ఎగిరిపోతుంది. బస్తా మీద ధర మారకుండా లోపల తూకం తగ్గించడం వర్తక లోకానికి కొత్త విద్య కాదు గనుక దీనిని విడమరచి చెప్పనక్కరలేదు.

ఇంతకూ ఈ సొమ్ము ఎక్కడినుండి వస్తున్నది? బ్యాంకు తన జేబులోనుండి తీసి ఇవ్వడం లేదు. గుంటూరు పట్నంబజారులోనైనా, హైదరాబాదు బేగంబజారులోనైనా దుకాణదారుడు కార్డు మీద నూరు రూపాయల సరుకు అమ్మితే అతని ఖాతాలో సుమారు 98 రూపాయలే పడతాయి. తక్కిన రెండు రూపాయలలో ఎక్కువ భాగం కార్డు ఇచ్చిన బ్యాంకుకు పోతుంది. అందులో కొంత కొనుగోలుదారునికి తిరిగి వస్తుంది. దానికే క్యాష్‌బ్యాక్ అని పేరు. రెండు రూపాయల రాబడి మీద అయిదు రూపాయలు పంచడం ఎంతో కాలం సాగే వ్యాపారం కాదు. కొత్త ఖాతాదారుల కోసం కొన్నాళ్ళు నష్టానికి ఓర్చి, తరువాత చెయ్యి బిగించక తప్పదు.

పైగా ఆ రెండు రూపాయల మూలమే సన్నగిల్లుతున్నది. 2020 జనవరి 1 నుండి యూపీఐకి, రూపే డెబిట్ కార్డుకు వర్తకుని వద్ద రుసుము లేకుండా పోయింది. ఖర్చు లేని దారి ఉండగా చిన్న దుకాణదారుడు కార్డు యంత్రం జోలికి ఎందుకు పోతాడు? మరోవైపు 2023 నవంబరు 16న రిజర్వు బ్యాంకు క్రెడిట్ కార్డు బాకీల రిస్కు వెయిటును బ్యాంకులకు 125 నుండి 150 శాతానికి పెంచింది. అంటే అదే బాకీకి బ్యాంకు మరింత మూలధనం కట్టిపెట్టవలసి వచ్చినది. ఐరోపా యూనియన్‌లో 2015లో ఈ రుసుములో బ్యాంకు వాటా క్రెడిట్ కార్డు మీద 0.3 శాతం మించరాదని చట్టం చేశారు. అక్కడ రెండు, మూడు శాతం క్యాష్‌బ్యాక్ అరుదు కావడానికి అదొక ముఖ్య కారణం. ఇక్కడ అటువంటి కట్టడి లేదు గాని, గాలి ఏ దిక్కునుండి వీస్తున్నదో తెలుస్తూనే ఉన్నది.

ఈ పుట చదివేవారిలో పలువురు గల్లాపెట్టెకు అటూ ఇటూ కూడా నిలబడేవారే. దుకాణంలో రెండు శాతం ఇచ్చుకుంటూ, సాయంత్రం ఇంటికి పోయి ఒక శాతం పుచ్చుకుని లాభం వచ్చిందనుకుంటున్నారు! కార్డు ఇస్తే రెండు శాతం అదనమని చెప్పే దుకాణాలు ఊరూరా ఉన్నవి. బ్యాంకుతో చేసుకున్న ఒప్పందం అందుకు సాధారణంగా ఒప్పుకోదు. అయినా ఆచారం ఆచారమే. అటువంటి చోట ఒకటిన్నర శాతం కోసం కార్డు గీకేవాడు అర శాతం చేతినుండి పెట్టుకుంటున్నట్లు లెక్క. నగదుకు ఒక ధర, అరువుకు ఒక ధర ఉన్న బజారులో పెరిగిన మనిషికి ఇది ఒకరు చెప్పవలసిన మాట కాదు.

ఇక ఎంపిక సంగతి. నెలకు రు. 25,000 కార్డు మీద ఖర్చు పెట్టే ఒక కుటుంబాన్ని తీసుకోవచ్చు. వెచ్చాలు, బట్టలు కలిపి పక్క దుకాణాలలో రు. 6,000, ఆన్‌లైన్ కొనుగోళ్ళు రు. 7,000, మిగిలిన రు. 12,000 కరెంటు, బీమా, బడి ఫీజు, పెట్రోలు. ఈ చివరి పద్దుకు ఇప్పుడు చాలా కార్డులు ఏమీ ఇవ్వవు. ఏటా రు. 999 రుసుము, దానిపై 18 శాతం జీఎస్‌టీ కలిసి సుమారు రు. 1,179 పడే కార్డు ఒకటి ఆన్‌లైన్‌కు 5 శాతం, దుకాణాలకు 1 శాతం ఇస్తున్నదనుకుంటే, నెలకు రు. 350, రు. 60 చొప్పున ఏడాదికి రు. 4,920 వస్తుంది. రుసుము పోగా నికరం రు. 3,741. మూడు లక్షల ఖర్చు మీద ఇది ఒకటింపావు శాతం. ప్రకటనలోని అయిదు ఇంటికి చేరేసరికి ఒకటింపావు అయినది.

రుసుము లేకుండా అన్నింటికీ 1 శాతమిచ్చే కార్డు అయితే, ఆ చివరి పద్దు మినహా, ఏడాదికి రు. 1,560 మాత్రమే. కాబట్టి ఈ కుటుంబానికి నేటి రేట్ల మీద రుసుము కార్డే మేలు. ఇందులో దాపరికం లేదు. అయితే పరీక్ష ఇక్కడితో ముగియదు. ఆన్‌లైన్ రేటు 3 శాతానికి దిగితే నికరం రు. 2,061, అప్పటికీ ఫరవాలేదు. 2 శాతానికి దిగితే రు. 1,221, ఉచిత కార్డే నయం. ఆన్‌లైన్ కొనుగోళ్ళు నెలకు రు. 3,000 మాత్రమే ఉండి, తక్కిన రు. 10,000 దుకాణాలలోనే కొనే ఇంటికైతే నేటి రేటు మీదనే తేడా ఏడాదికి రు. 261. రేటు ఒక్క శాతం జారి 4కు వచ్చినా ఆ కుటుంబం నష్టపడుతుంది. జిల్లా పట్టణాలలో అధిక సంఖ్యాకులు ఈ రెండో తరహా వారే. వారికి రుసుము కార్డు అంటగట్టడం న్యాయం కాదు.

రేటు రెండు శాతం జారినా నిలబడే లెక్క ఉన్నప్పుడే రుసుము కట్టాలి. ఎందుకంటే ఈ బేరంలో ఇరుపక్షాల కట్టుబాటు సమానం కాదు. రుసుము ఏడాదికి ముందే చెల్లిపోతుంది. రేటును మార్చుకునే హక్కు మాత్రం బ్యాంకు తన షరతుల కాగితంలోనే అట్టిపెట్టుకుంటుంది. బయానా ఇచ్చినవాడు కట్టుబడి ఉండాలి, పుచ్చుకున్నవాడు ధర మార్చుకోవచ్చునన్న ఒప్పందానికి ఏ యార్డులోనైనా ఎవరైనా ఒప్పుకుంటారా? ఏడాది ఖర్చు ఫలానా మొత్తం దాటితే రుసుము మాఫీ అన్న మాటను కూడా జాగ్రత్తగా చదవాలి. మాఫీ కోసం అక్కరలేని మిక్సీ కొన్నవారు లేకపోలేదు.

రేట్లు మారినప్పుడల్లా కొత్త కార్డు వెంట పరుగెత్తేవారూ ఉన్నారు. నాలుగైదు కార్డులు, నాలుగైదు గడువు తేదీలు. ఒక్క తేదీ తప్పితే ఏడాది క్యాష్‌బ్యాక్‌లో మంచి భాగం తుడిచిపెట్టుకుపోతుంది. నెలకు మూడున్నర శాతం వడ్డీ ఈ రంగంలో మామూలు. రు. 20,000 ఒక నెల నిలిచిపోతే వడ్డీ రు. 700, దానిపై జీఎస్‌టీ రు. 126. అదే రు. 20,000 మీద ఒకటిన్నర శాతం చొప్పున వచ్చిన క్యాష్‌బ్యాక్ రు. 300. బాకీ ఉన్నంతకాలం కొత్త కొనుగోళ్ళకు కూడా కొన్న రోజునుండే వడ్డీ నడుస్తుంది. ఈ వడ్డీ 30 శాతం మించరాదని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో ఇచ్చిన తీర్పును సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో కొట్టివేసింది గనుక ఆ ఆసరా కూడా లేదు. బాకీ పూర్తిగా కట్టే అలవాటు లేని ఇంటికి ఏ క్యాష్‌బ్యాక్ కార్డూ పనికిరాదు. అటువంటివారికి యూపీఐయే క్షేమం.

చేతిలో ఉన్న కార్డు లెక్క తప్పినదని తేలితే దానిని మోయనవసరం లేదు. బాకీ లేకుండా ఉండి, మూసివేయవలసిందిగా కోరిన కార్డును ఏడు పనిదినాలలో మూయాలని, ఆలస్యమైతే రోజుకు రు. 500 చొప్పున ఖాతాదారునికి చెల్లించాలని రిజర్వు బ్యాంకు 2022 ఆదేశాలలో ఉన్నది. కొత్త ఏడాది రుసుము బిల్లులో పడకముందే, జమ అయిన క్యాష్‌బ్యాక్ వాడుకుని, ఆ కోరిక రాతపూర్వకంగా పంపుకోవడం మంచిది.