బోనులో ఎవరు?

మనుషుల్ని అమ్మడం నేరమని రాజ్యాంగం 23వ అధికరణం ఏనాడో చెప్పింది. 2024 నుంచి అమలవుతున్న భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షన్ మైనరును అమ్మినవాడికి కనీసం 10 ఏళ్ల జైలంటోంది. చట్టాలకేం, బోలెడున్నాయి!

కానీ 1956 నాటి వ్యభిచార నిరోధక చట్టం 8వ సెక్షన్ చూడండి. వీధిలో విటుణ్ణి పిలిచిన స్త్రీకి మొదటిసారే 6 నెలల దాకా జైలు. అదే నేరం మగవాడు చేస్తే 3 నెలలు దాటదు! ఉద్యోగమని నమ్మించి దళారీ అమ్మేసిన పిల్లా ఆ సెక్షన్ కిందికే రావచ్చు. బోనెక్కించాక ఆమె ఎవరి మీద సాక్ష్యం చెబుతుంది?

క్రిమినల్ చట్టం ఉమ్మడి జాబితాలోది. రాష్ట్రపతి ఆమోదంతో మన శాసనసభే సవరించవచ్చు. బాధితురాలిని 8వ సెక్షన్ నుంచి తప్పించి, ఆమెకు రక్షణ, పరిహారం, బతుకుతెరువు చట్టంలోనే రాయాలి. మిత్రులారా, రేపటి వకీళ్లం మనమే. ఈ మాట ఇవాళే అడుగుదాం.