పండుగప్ప పులుసుతో ఉపవాసమా?

తపస్కాలపు శుక్రవారాల్లో మాంసం ముట్టకూడదన్న నియమం పెట్టినవాళ్లెవరో గానీ, రాజోలు చేపల బజారు చూసి ఉండరు. మాంసం మానమన్నారు, చేప మానమనలేదు. కోనసీమలో అదీ ఒక కష్టమేనా? పండుగప్ప ముక్కల్లో పచ్చిమామిడికాయ వేసి పులుసు పెడితే మేకమాంసం గుర్తొచ్చేదెవరికి? చేపలమ్మే ఆవిడకీ మా క్యాలెండరు తెలుసు. “శుక్రవారం కదండీ, మీకోసం మంచివి దాచానండి” అంటుంది. ధర కూడా ఆ రోజుకు తగ్గట్టే చెబుతుంది.

విభూది బుధవారం నుంచి పాస్క పండుగ దాకా కతోలికులకు తపస్కాలం. క్యాలెండరు మీద 46 రోజులు వస్తాయి; మధ్యలోని 6 ఆదివారాలు తీసేస్తే 40. 1983 నాటి శ్రీసభ చట్టం ప్రకారం 14 ఏళ్లు నిండినవాళ్లు మాంసం మానాలి. 18 నిండినప్పటి నుంచి 59 నిండే దాకా, విభూది బుధవారం, పవిత్ర శుక్రవారం ఒక్కపూటే కడుపునిండా తినాలి. నాకు అరవై దాటాయి. ఒక్కపూట నియమం నుంచి చట్టం నన్ను వదిలేసింది, కాబట్టి మాంసం కాక ఇంకేం మానాలో నేనే తేల్చుకోవాలి.

మా వీధిలో బ్రెదరెన్ సంఘం వాళ్లున్నారు. 1836లో ఇంగ్లండు నుంచి వచ్చి గోదావరి డెల్టాలో పనిచేసిన బౌడెన్, బీర్‌ల నాటి పరంపర వాళ్లది. వాళ్లకు తపస్కాలం లేదు. “బైబిల్లో ఎక్కడుందండీ టీచరుగారూ?” అంటారు. యేసు ఎడారిలో నలభై రోజులున్నది అందులోనే ఉంది కదా అంటాను. వాదన అక్కడితో ఆగదనుకోండి.

నాకు అసూయ పుట్టించేది అయ్యప్ప మాల వేసుకునేవాళ్లు. మాల పడకముందే ఇంట్లో నల్లబట్టలు, చాప, వేరే గిన్నెలు సిద్ధం. మాల పడ్డాక పాతికేళ్ల కుర్రాణ్నైనా ఊరంతా ‘స్వామీ’ అంటుంది. ఆ పిలుపుకే సగం నోరు అదుపులో ఉంటుంది. నిరుడు, 2026లో, శివరాత్రి ఫిబ్రవరి 15న, విభూది బుధవారం 18న, మర్నాడే రంజాన్ ఉపవాసాలు. అందరిళ్లలోనూ ముందస్తు ఏర్పాట్లే. మావాళ్లు మాత్రం మంగళవారం రాత్రి మిగిలిన కోడికూర ఖాళీ చేసి, పొద్దున్నే నుదుట విభూది పెట్టించుకుని, ఈసారి ఏం మానేద్దామా అని గుడిమెట్ల మీద ఆలోచన మొదలెట్టారు.

ఆ విభూదైనా అప్పటికప్పుడు తయారయ్యేది కాదు. క్రితం ఏడు మ్రానికొమ్మల ఆదివారం ఇంటికి తెచ్చుకున్న కొబ్బరాకు సిలువలు ఏడాదంతా దేవుని పటాల వెనక ఎండుతాయి. వాటిని గుళ్లో తిరిగి ఇస్తే, కాల్చి, మాడని ఈనెముక్కలు ఏరి, పల్చటి గుడ్డలో జల్లిస్తారు. వేళ్లకు అంటితే సబ్బుకు కూడా ఓ పట్టాన వదలని నలుపు.

ఇక డబ్బు సంగతి. మా వైపు ఎన్నో ఇళ్లు కువైట్‌లో, ఖతర్‌లో ఇంటిపని చేసే ఆడవాళ్ల జీతం మీద నడుస్తున్నాయి. ఆమె అక్కడ ఎవరి వంటింట్లోనో నిలబడి పనిచేస్తుంటే, ఇక్కడ మొగుడు ఆ డబ్బుతో చందువా వేపుడు తిని శుక్రవారం నిష్ఠగా ఉన్నానంటే నాకు ఒళ్లు మండుతుంది. నలభై రోజులూ మందు మానేసి, పాస్క రాత్రే సీసా మూత తీసే మహానుభావులూ ఉన్నారు. మానినందుకు సంతోషమే. మరి మిగిలిన డబ్బేదీ? ఉపవాసమంటే కట్లు విప్పడమనీ, ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టడమనీ యెషయా గ్రంథం 58వ అధ్యాయం చెబుతుంది. ప్రార్థన, ఉపవాసం, దానం మూడూ కలిస్తేనే తపస్కాలం. మూడోది మా దగ్గర కవరులో పెట్టే నోటు దగ్గరే ఆగిపోయింది.

2027లో విభూది బుధవారం ఫిబ్రవరి 10న. విచారణ గురువులకు నా విన్నపం ఒక్కటే. బుధవారం ప్రసంగం దాకా ఆగకండి. ముందు ఆదివారమే చెప్పండి, ఇంటికో కాగితం తీసుకుని మానేదేమిటో, మిగిలేదెంతో, అది ఎవరికి చేరాలో రాసుకోమని. ఎవరికీ చూపించక్కర్లేదు.

మా కాగితం మీద మొదట చేపలు రాశాను. “శుక్రవారాలకే” అని మా ఆయన పక్కన చేర్చారు. రెండోది సాయంత్రం సీరియళ్లు, అది నా వంతు. మూడోదాని దగ్గర ఆగాం. కువైట్ వీసా కోసం పక్కింటి అమ్మాయి మా దగ్గర అప్పు తీసుకుంది. తపస్కాలం వెళ్లేదాకా వడ్డీ వదిలేద్దామన్నాను.

“వడ్డీ ఏమైనా మాంసమా?” అన్నారు. ఇంకా తేలలేదు.